జర్మనీలో పుట్టబోయే బిడ్డకు ఐరిష్ పేరు: స్పెల్లింగు ఉన్నదున్నట్టు ఉంచాలా, మార్చాలా?

ప్రశ్న: కాబోయే తల్లి, మ్యూనిక్

అందరికీ నమస్కారం. మా వారు ఐర్లండులోని కార్క్ నగరంలో పుట్టి పెరిగారు, నేను తెలుగింటి పిల్లను. ఆరేళ్లుగా ఇద్దరమూ మ్యూనిక్‌లో ఉంటున్నాము. మరో తొమ్మిది వారాల్లో మాకు మొదటి బిడ్డ పుట్టబోతున్నది. పాపో బాబో ముందుగా తెలుసుకోవద్దనుకున్నాము కనుక రెండు రకాల పేర్లూ సిద్ధం చేసుకుంటున్నాము. ఇంటిపేరు ఆయనది, మొదటి పేరు ఐరిష్‌ది, రెండవ పేరు మన తెలుగుది అన్నంతవరకు మా ఇద్దరికీ ఏ పేచీ లేదు. చిక్కంతా ఆ మొదటి పేరును ఏ అక్షరాలతో రాయాలన్న దగ్గరే వచ్చింది.

పాప పుడితే నీవ్, సైవ్, మేవ్ అన్న మూడింటిలో ఒక పేరు, బాబు పుడితే కీరాన్ అనుకున్నాము. వినడానికి ఇంత తేలికగా ఉన్న ఈ పేర్లు కాగితం మీదికి వచ్చేసరికి గుర్తుపట్టలేనట్టు మారిపోతున్నాయి. నీవ్ అన్న పేరుకు ఎన్-ఐ-ఎ-ఎమ్-హెచ్ అనీ, సైవ్ అన్న పేరుకు ఎస్-ఎ-డి-హెచ్-బి-హెచ్ అనీ రాస్తారు. ప్రసవానికి ముందు తల్లులకు ఇక్కడ జరిపే తరగతిలో మొదటి పేరును రాసి చూపిస్తే, ఒక్కరు కూడా సరిగా చదవలేకపోయారు. లండనులో ఉన్న నా స్నేహితురాలు, పలికినట్టే ఎన్-ఇ-వి-ఇ అని రాసేస్తే పిల్లకు జీవితాంతం ఈ బాధ తప్పుతుందని సలహా ఇచ్చింది. ఆ సంగతి మా అత్తగారితో ఫోనులో చెబితే, ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "పేరు మీ ఇష్టం, కానీ మా పేరే పెట్టేటట్టయితే దాన్ని విరిచి రాయకండి" అన్నారు. ఆ గొంతులో అంత బాధ ఎందుకు వినిపించిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

ఐరిష్ స్పెల్లింగు ఉంచితే బిడ్డకు నిజంగా అంత కష్టమా? అచ్చుల మీద వచ్చే ఆ ఏటవాలు గీత జర్మనీ కాగితాలలోనూ పాస్‌పోర్టులోనూ నిలుస్తుందా? మా అమ్మావాళ్లు నోరారా పిలుచుకోగలిగేది ఈ పేర్లలో ఏది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం: గాల్వే నివాసి

నమస్కారమండీ. నేను పద్నాలుగేళ్లుగా గాల్వేలో ఉంటున్నాను. మా పిల్లలిద్దరూ బడిలో ఐరిష్ నేర్చుకుంటున్నారు, వాళ్ల వెనకాల కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. మీ అత్తగారి బాధ గురించి ముందు చెప్పి, తరువాత స్పెల్లింగుకు వస్తాను.

ఐర్లండులో జనన మరణాలన్నింటినీ ప్రభుత్వం నమోదు చేయడం 1864లో, అంటే బ్రిటిష్ పాలనలో మొదలయింది. ఇంట్లో ఐరిష్ తప్ప మరో మాట ఎరుగని కుటుంబాల పిల్లల పేర్లు కూడా ఆ పుస్తకాలలోకి ఇంగ్లీషు వేషంలోనే ఎక్కాయి. 1905లో డొనెగాల్‌కు చెందిన ఒక రైతు, కవి కూడా అయిన నీఅల్ మాక్ గిల్లా వ్రీద, తన బండి మీద పేరును ఐరిష్‌లో రాసుకున్నందుకు జరిమానా కట్టవలసి వచ్చింది. ఆ కేసులో ఆయన తరఫున డబ్లినులో వాదించి ఓడిపోయిన న్యాయవాదే, 1916 తిరుగుబాటుకు నాయకత్వం వహించిన పాట్రిక్ పియర్స్. బండి మీద పేరు రాసుకోవడానికి న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చిన జాతికి, పేరులోని అక్షరాలు ఉత్త అక్షరాలు కావు. మీ అత్తగారు ఈ కేసు గురించి వినకపోయినా, "విరిచి రాయడం" అన్న మాట ఎక్కడ నుంచి వచ్చిందో ఆవిడకు ఇంట్లోనే తెలిసి ఉంటుంది.

ఇక స్పెల్లింగు. ఇంగ్లీషు కళ్లతో చూసినంతకాలం ఐరిష్ రాత అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. తెలుగు చదువుకున్నవారు మాత్రం దాన్ని చాలా త్వరగా పట్టుకోగలరని నా నమ్మకం, ఎందుకంటే ఆ రాతకు మూలమైన మూడు సూత్రాలకూ మన భాషలో పోలికలు ఉన్నాయి.

అచ్చు మీద ఉండే ఏటవాలు గీతను వాళ్లు ఫదా అంటారు. ఆ మాటకు అర్థం "పొడుగు". మనం దీర్ఘం అనేది కూడా అదే కదా. దీర్ఘం తీసేస్తే మనకు "పాలు" కాస్తా "పలు" అయినట్టే, ఫదా తీసేస్తే వాళ్లకూ మాట మారిపోతుంది. షాన్ అన్న పేరును ఎస్-ఇ-ఎ-ఎన్ అని రాస్తారు, అందులో ఎ మీద ఫదా లేకపోతే మిగిలేది "ముసలి" అన్న విశేషణం. గడ్డికి వాళ్లు వాడే ఐరిష్ మాటలో ఫదా తీసేస్తే "మగవాడు" వస్తుంది. అందువల్ల ఫదాను అలంకారమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

రెండవది హల్లుల సంగతి. "చిలుక", "చెట్టు" అన్నప్పుడు మన చకారం తాలవ్యంగానూ, "చలి", "చుక్క", "చొప్ప" అన్నప్పుడు దంత్యంగానూ పలుకుతుంది. పక్కన ఇ, ఎ ఉన్నాయా లేక అ, ఉ, ఒ ఉన్నాయా అన్నదాన్ని బట్టి మన నాలుక తనంతట తానే మారుతుంది. ఐరిష్‌లో ఈ పద్ధతి హల్లులన్నింటికీ ఉన్నది. రోమన్ అక్షరాలైన ఐ, ఇ పక్కన ఉన్న హల్లును సన్ననిదనీ, ఎ, ఓ, యు అక్షరాల పక్కన ఉన్నదాన్ని వెడల్పైనదనీ అంటారు. వెడల్పు ఎస్ మన సకారం, సన్నని ఎస్ మన షకారం. షాన్ అన్న పేరులో ఎస్ తరువాత వచ్చే ఇ ఉచ్చారణకోసం రాసింది కాదు, ఆ ఎస్‌ను ష అని పలకమని చెప్పడానికి రాసింది. మనకు చూడగానే ఎక్కువగా కనిపించే అచ్చులలో చాలావాటి పని ఇదే.

మూడవది అసలు చిక్కంతా తెచ్చిపెట్టే హెచ్. అన్న, తమ్ముడు కలిస్తే "అన్నదమ్ములు" అనీ, కూర, కాయ కలిస్తే "కూరగాయ" అనీ మనం హల్లును మెత్తబరుస్తాము. ఐరిష్‌లోనూ హల్లులు మెత్తబడతాయి, దానికి షేవూ అని పేరు. మనం మారిన అక్షరాన్నే రాస్తాము. వాళ్లు మూలాక్షరాన్ని చెరపకుండా ఉంచి, అది మెత్తబడిందన్న గుర్తు మాత్రం పెడతారు. పాత ఐరిష్ అచ్చులిపిలో ఆ గుర్తు అక్షరం నెత్తిన ఒక చుక్కగా ఉండేది. 20వ శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అక్షరాలకు మారినప్పుడు చుక్కకు బదులుగా పక్కన హెచ్ రాయడం స్థిరపడింది. కాబట్టి బి-హెచ్, ఎమ్-హెచ్ అన్నవి రెండేసి అక్షరాలు కావు, మెత్తబడిన బి, మెత్తబడిన ఎమ్. రెండూ వకారంగానే వినిపిస్తాయి. ఇప్పుడు సైవ్ పేరును మళ్లీ చూడండి. ఎస్ పక్కన ఎ ఉన్నది కనుక స, ఎ-డి-హెచ్ కలిసి ఐ, చివరి బి-హెచ్ వ్. ఇందులో అడ్డదిడ్డం ఏమీ లేదు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. మనం "సీత"ను "సీతా" అని పిలిచినట్టు వాళ్లకూ సంబోధన రూపం ఉన్నది, అందులో పేరు మొదటి హల్లు మెత్తబడుతుంది. మేవ్‌ను వాళ్ల నాయనమ్మ ఐరిష్‌లో పిలిస్తే "అ వేవ్" అంటుంది, సైవ్‌ను పిలిస్తే "అ హైవ్" అంటుంది. మూలాక్షరం పక్కన హెచ్ చేర్చే పద్ధతి ఉన్నందువల్ల, పిలుపులో ఎంత మారినా రాతలో ఆ పేరు ఇంకా అదే పేరుగా కనబడుతుంది. ఎన్-ఇ-వి-ఇ వంటి రాతకు ఈ వీలు ఉండదు.

రెండవ సమాధానం: ఇద్దరు కూతుళ్ల తండ్రి, కాలిఫోర్నియా

నా భార్య తల్లిదండ్రులు ఐర్లండు నుంచి వలస వచ్చినవారు. మీరు అడిగిన రెండు దారులలోనూ మేము నడిచాము కనుక, జరిగింది జరిగినట్టు చెబుతాను.

పెద్దమ్మాయి పేరు కీవ. ఐరిష్‌లో సి-ఎ-ఓ-ఐ-ఎమ్-హెచ్-ఇ అని రాస్తారు. అప్పుడు మేము భయపడి, ఇంగ్లీషు చదివేవారికి తేలికగా ఉంటుందని కె-ఇ-ఇ-వి-ఎ అని రాయించాము. అమెరికాలో ఇంతవరకు ఒక్కరు కూడా ఆ పేరును తప్పు పలకలేదు. ఆ లాభాన్ని కాదనను. అయితే తనకు తొమ్మిదేళ్లప్పుడు ఐర్లండు వెళ్లినప్పుడు, వరుసకు అక్క అయిన ఒక అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చి అట్ట మీద పేరు చూపించి "మనిద్దరిదీ ఒకే పేరు" అన్నది. మా అమ్మాయి ఆ అక్షరాలను చాలాసేపు చూసి, నా పేరు ఇది కాదు కదా అన్నట్టు నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తున్నది.

అందుకే 2019లో చిన్నమ్మాయి పుట్టినప్పుడు రోషీన్ అన్న పేరును ఐరిష్ స్పెల్లింగుతోనే పెట్టాము. అప్పటి కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం జనన ధ్రువపత్రం మీద ఇంగ్లీషులోని 26 అక్షరాలకే చోటు ఉండేది. ఓ మీద, ఐ మీద ఉండవలసిన రెండు ఫదాలూ పోయాయి. ఇటువంటి గుర్తులను అనుమతించే బిల్లు ఒకటి 2017లో శాసనసభ దాకా వెళ్లి నెగ్గినా, గవర్నరు దాన్ని తిప్పి పంపారు. ఇంట్లోనూ పుస్తకాల మీదా మేము ఫదాలు పెట్టే రాస్తాము, ధ్రువపత్రంలో లేనంత మాత్రాన పేరులో లేకుండా పోవని పాపకు చెప్పాము. ప్రతి ఏడాది కొత్త తరగతిలో మొదటి వారం తన పేరు ఎలా పలకాలో తనే చెబుతుంది. రెండవ వారానికి అందరికీ వచ్చేస్తుంది. చిన్నమ్మాయి పడే కష్టం అంతే. పెద్దమ్మాయికి ఆ కష్టం లేకుండా చేశామనుకున్నాము, కానీ ఇప్పుడు తన పేరును మళ్లీ ఐరిష్‌లో రాయడం తనే నేర్చుకుంటున్నది.

మూడవ సమాధానం: రోనాన్ అమ్మ, హాంబర్గ్

నేను జర్మనీ కాగితాల గురించి మాత్రమే చెబుతాను. బిడ్డ పుట్టిన వారం లోపల జనన నమోదు కార్యాలయానికి, అంటే స్టాండెసామ్ట్‌కు, తెలియజేయాలి. ఆసుపత్రిలో పుడితే ఆ పని వాళ్లే చేస్తారు. పేరు అప్పటికి తేలకపోతే కంగారు పడకండి, పేరు చెప్పడానికి ఒక నెల గడువు ఉంటుంది. మా బాబు పేరులో ఓ మీదా ఎ మీదా ఉన్న ఫదాలు రెండూ ఇక్కడి జనన ధ్రువపత్రంలో యథాతథంగా వచ్చాయి. ఆసుపత్రిలో ఇచ్చిన ఫారంలో మాత్రం మొదట లేవు. అక్కడివారు మా చేతిరాతలోని గీతలను పట్టించుకోలేదు. సంతకం పెట్టేముందు చూసుకున్నాము కనుక సరిపోయింది. పేరును పెద్ద అక్షరాలలో అచ్చు వేసి సంచిలో పెట్టుకుని వెళ్లండి.

పేరు తెలియనిదైతే అధికారి ఆధారం అడగవచ్చు, కానీ బిడ్డ మేలుకు హాని చేసేదైతే తప్ప నిరాకరించడానికి వీలులేదు. ఇది స్థిరపడినది మన పేరుతోనే అన్న సంగతి మీకు నచ్చుతుందనుకుంటాను. భారతీయ మూలాలున్న ఒక కుటుంబం తమ కూతురికి కిరణ్ అని పేరు పెడితే, అది ఆడపేరో మగపేరో తెలియడం లేదని అధికారులు ఒప్పుకోలేదు. 2008 డిసెంబరు 5న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తల్లిదండ్రుల పక్షాన తీర్పు ఇచ్చింది.

మీ వారు ఐర్లండులో పుట్టారు కనుక మీ బిడ్డ పుట్టుకతోనే ఐరిష్ పౌరురాలు లేదా పౌరుడు, వేరే నమోదు అక్కరలేదు. ఐరిష్ పాస్‌పోర్టులో పేరు ఉండే చోట ఫదా వస్తుంది. అడుగున యంత్రం చదివే రెండు వరుసలలో ఏ దేశపు పాస్‌పోర్టులోనైనా ఇటువంటి గుర్తులు ఉండవు. విమాన టికెట్టు మీద కూడా ఫదా లేకుండానే ఉంటుంది, దానివల్ల మాకు ఎక్కడా ఇబ్బంది రాలేదు.

ఒక్క మాట మాత్రం మీ లండను స్నేహితురాలి సలహా మీద. ఎన్-ఇ-వి-ఇ అని రాస్తే జర్మనులు "నేఫె" అని చదువుతారు. మేవ్‌ను ఇంగ్లీషు పద్ధతిలో ఎమ్-ఎ-ఇ-వి-ఇ అని రాసినా చివరి ఇని వాళ్లు పలుకుతారు, వి చాలామంది నోట ఫకారం అవుతుంది. ఆ స్పెల్లింగు ఇంగ్లీషువాళ్లకే తేలిక. ఎలాగూ పలికి చూపించవలసిందే అయినప్పుడు, అసలు స్పెల్లింగు ఉంచుకుని పలికి చూపించడం మేలు కాదా? కీరాన్‌కు మాత్రం సంగతి వేరు. ఐరిష్‌లో సితో మొదలయ్యే ఆ పేరును జర్మనులు "త్సియారాన్" అంటారు, కె-ఐ-ఇతో రాస్తే దాదాపు సరిగానే చదువుతారు. పైగా ఆ రూపం ఎంతో కాలంగా వాడుకలో ఉన్నదే.

నాలుగవ సమాధానం: బెర్లిన్ నుంచి ఒకరు

పైవారందరి మీదా గౌరవంతోనే వేరే మాట చెబుతున్నాను. పేరు మోయవలసింది బిడ్డ. తల్లిదండ్రుల అభిమానం కోసం ఆ బిడ్డ ప్రతి కొత్త చోటా తన పేరును వివరించుకోవడం న్యాయంగా అనిపించడం లేదు. నూలా, ఓర్లా, ఊనా వంటి పేర్లు ఉన్నాయి. అవీ పాత ఐరిష్ పేర్లే, జర్మనులు కొంచెం తేడాతోనైనా చూడగానే చదువుతారు. స్పెల్లింగు మార్చకుండానే కష్టం తప్పించుకునే దారి ఉన్నప్పుడు దాన్ని ముందు చూడమని నా మనవి.

గాల్వే నివాసి మళ్లీ

బెర్లిన్ వారి మాటలో న్యాయం ఉన్నది, ముఖ్యంగా నూలా విషయంలో. అయితే తెలుగు చెవి సంగతి కూడా చూసుకోవాలి. ఊనా అంటే మన పెద్దవాళ్లకు "ఊనం" గుర్తుకొస్తుంది. నీవ్‌కు వేరే చిక్కు ఉన్నది. మనది అజంత భాష కనుక హల్లుతో ముగిసే పేరుకు మన నోరు తప్పకుండా ఒక ఉకారం చేరుస్తుంది, అప్పుడు అమ్మమ్మ ఆ పిల్లను రోజంతా "నీవు, నీవు" అని పిలుస్తుంది. నీఅవ్ అని రెండు పలుకులుగా అనేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, అలా నేర్పితే కొంత నయం.

మేవ్ గురించి మీరు ఎక్కువగా రాయలేదు కానీ, నా ఓటు దానికే. అది కనాక్ట్ ప్రాంతపు పురాణకాలపు రాణి పేరు. ఆవిడ సమాధి అని చెప్పే పెద్ద రాళ్లగుట్ట స్లైగోలో నాక్‌నరే కొండ మీద ఉన్నది, మేము పిల్లలతో ఎక్కి చూశాము. పాత స్పెల్లింగులో మధ్యన డి-హెచ్ కూడా ఉండేది. గత శతాబ్దంలో రాతను సులభం చేసినప్పుడు అది పోయి, ఎమ్, ఫదా ఉన్న ఇ, ఎ, బి-హెచ్ మిగిలాయి. ఫదా ఉన్న ఇ మన ఏ, తరువాతి ఎ బి-హెచ్‌ను వెడల్పు చేయడానికి, బి-హెచ్ వ్. ఆ పేరుకు "మత్తెక్కించేది" అని అర్థం చెబుతారు. తేనెతో చేసిన మద్యానికి ఉన్న పాత కెల్టిక్ మాట నుంచి అది వచ్చింది, ఆ మాటకూ సంస్కృతంలోని "మధు"కూ మూలం ఒక్కటే.

కాబోయే తల్లి

అందరికీ కృతజ్ఞతలు. గాల్వే వారి చివరి వాక్యం చదివి చాలాసేపు కదలలేకపోయాను. మా అమ్మమ్మ పేరు "మధు"తోనే మొదలవుతుంది, బిడ్డకు రెండవ పేరుగా అదే పెట్టాలని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మా వారికి ఈ సంగతి తెలియదు, మా అత్తగారికీ తెలియదు. నిన్న రాత్రి ఆవిడకు ఫోను చేసి 1905 నాటి బండి కథ అడిగితే, తన తాతగారి పేరు బడి రిజిస్టరులో ఒకలా, ఇంటి బైబిలులో మరోలా ఉండేదని చెప్పారు. ఈసారి మౌనంగా ఉన్నది నేను.

మా అమ్మ చేత మూడు పేర్లూ పలికించాను. "మేవు" అన్నది. దానికి మన భాషలో చెడ్డ అర్థమేదీ లేదు కనుక అలాగే పిలవనిస్తాను. పాప పుడితే ఫదాతో సహా ఐరిష్ స్పెల్లింగులోనే రాయిస్తాము. పేరును పెద్ద అక్షరాలలో అచ్చు వేసిన కాగితం రెండు ప్రతులు ఆసుపత్రి సంచిలో పెట్టేశాను. బాబు పుడితే సి రాయాలా, కె రాయాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. మా వారు సి అంటున్నారు, హాంబర్గ్ వారి మాట చదివినప్పటినుంచి నేను కె వైపు మొగ్గుతున్నాను. ఆ ఒక నెల గడువు మాకు అవసరం పడేటట్టే ఉన్నది.